ఒకటి తీయడానికి మరొకటి కదపకూడదు: ప్రయాణాల వ్యానులో సామాను సర్దే పద్ధతి

వ్యానులో చోటు చాలడం లేదనేవాళ్ల బండి వెనుక తలుపు తెరిచి చూడండి. చాలాసార్లు పైకప్పు కింద సగం ఖాళీగానే ఉంటుంది. అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. టీ గిన్నె కావాలంటే దుప్పట్ల మూట దించాలి. మూట దించాలంటే నీళ్ల క్యాను జరపాలి. క్యాను జరిపితే దానికి ఆనించిన చెప్పుల సంచి రోడ్డు మీద పడుతుంది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఇలా నాలుగైదు సార్లు తీసి పెట్టాక తిరిగి సర్దే ఓపిక ఎవరికీ మిగలదు. ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ పడేస్తారు. చిందరవందర అలా మొదలవుతుంది.

అందుకని మొత్తం పనికి కొలబద్ద ఒక్కటే పెట్టుకోండి: ఈ వస్తువును తీయడానికి ఎన్ని వస్తువులు కదపాలి? రోజుకు పలుమార్లు వాడేవాటికి జవాబు సున్నా కావాలి. రోజుకొకసారి వాడేవాటికి ఒకటి వరకు పరవాలేదు. రెండు దాటిందంటే ఆ వస్తువు తప్పు చోట ఉందన్నా అనుకోవాలి, అసలు బండిలో ఉండకూడనిదన్నా అనుకోవాలి.

ఉదాహరణకు మారుతి ఈకో అంత చిన్న వ్యాను, నలుగురు మనుషులు, మూడు నాలుగు రోజుల ప్రయాణం, రాత్రి పడక బండిలోనే అనుకుందాం. నల్లగొండలో బయలుదేరి నాగార్జునసాగర్, దేవరకొండ, డిండి, మన్ననూర్, అచ్చంపేట మీదుగా కొల్లాపూర్ పక్కనున్న సోమశిల, అక్కడి నుంచి వనపర్తి దారిలో అలంపూర్, తిరుగు ప్రయాణంలో మహబూబ్‌నగర్. డ్యాము, కోట, అడవి, నది, గుడి అన్నీ ఒకే దారిలో తగులుతాయి కాబట్టి "అక్కడికి ఇది కావాలి, ఇక్కడికి అది కావాలి" అంటూ సామాను పెరిగే దారి ఇది. బండి టెంపో ట్రావెలర్ అంత పెద్దదైనా పద్ధతి మారదు. పెద్ద బండిలో ఇంకా ఎక్కువ చెత్త పడుతుంది, అంతే తేడా.

ముందు అంతా బయటికి

ఇంటి ముందు టార్పాలిన్ పరిచి, వ్యానులో ఉన్న ప్రతి వస్తువునూ దాని మీదికి తెండి. సీట్ల కింద, తలుపుల అరల్లో, డాష్‌బోర్డు గూట్లో ఉన్నవి కూడా. మూడు కుప్పలు చేయండి. రోజూ వాడేవి ఒకటి. ప్రయాణంలో ఒకటి రెండుసార్లు వాడేవి రెండోది. "ఉంటే మంచిది కదా" అని పెట్టినవి మూడోది. ఈ మూడో కుప్పే మిగతా రెండింటికంటే పెద్దగా ఉంటుంది, చూడండి. రెండో టార్చిలైటు, మడత కుర్చీల్లో విరిగినది, ఎవరో ఇచ్చిన ఫ్లాస్కు, ఇంట్లో పనికిరాక వ్యానుకు బదిలీ అయిన గిన్నెలు. మన ఇళ్లలో పాత వస్తువును పారేయడానికి చేయి రాదు, అటక నిండితే బండిలోకి ఎక్కిస్తాం. మొహమాటం లేకుండా మూడో కుప్పను ఇంట్లోకి పంపేయండి.

ఈ లెక్క నుంచి కొన్నింటికి మినహాయింపు ఉంది. స్టెప్నీ, జాకీ, పానా, మందుల పెట్టె, నిప్పు ఆర్పే చిన్న సిలిండరు, బండి కాగితాలు. వీటిని వాడే అవసరం రాకూడదనే కోరుకుంటాం కానీ వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణంలో చేతికి అందాలి. జాకీని మంచం కింద అట్టడుగున పెట్టుకుంటే, పంక్చరైన రోజు ఇల్లంతా రోడ్డు మీద పరవాల్సి వస్తుంది. వెనుక తలుపు తెరవగానే చేయి పెట్టి లాగేలా దాన్ని ఒక పక్కకు బెల్టుతో కట్టండి.

పెట్టెలు కొనే ముందు బరువు గురించి

సర్దుకోవాలనిపించగానే బజారుకు వెళ్లి పది ప్లాస్టిక్ డబ్బాలు కొనడం అందరూ చేసే పని. డబ్బా ఉంటే అందులో వేయడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ముందు బరువైనవేవో, అవి ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోండి. ఆ తర్వాతే డబ్బాలు.

నీళ్లు, గ్యాసు, బ్యాటరీ, బియ్యం వంటి బరువులన్నీ కిందనే, నేలకు ఆనుకుని, ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్యలో ఉండాలి. వెనుక ఇరుసు దాటి చివరలో బరువు పెడితే బండి ముందు భాగం తేలికై స్టీరింగు పట్టు తగ్గుతుంది. ఎడమ కుడి కూడా సమంగా చూసుకోండి. డ్రైవరు తల ఎత్తులో గట్టి వస్తువేదీ వదులుగా ఉండకూడదు. మన ఊళ్లలో రంగు వేయని స్పీడు బ్రేకర్లు ఎన్నో మీకు తెలుసు. గట్టిగా బ్రేకు వేస్తే వెనుక ఉన్న ప్రెషర్ కుక్కర్ ముందుకు ఎగిరి వస్తుంది. సీట్ల వెనుక ఒక బలమైన వల బిగించుకుంటే ఆ భయం ఉండదు.

ఈకోలో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. అక్కడ వేడి ఎక్కువ కాబట్టి ఆ చుట్టుపక్కల కూరగాయలు, మందులు, చాక్లెట్లు పెట్టకండి. సీఎన్‌జీ బండి అయితే వెనుక సిలిండరు ఎంత చోటు తింటుందో టేపుతో కొలిచిన తర్వాతే మంచం గురించి ఆలోచించండి.

పైన క్యారియర్ సంగతి. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. పైకి ఎక్కించినవి దించడం బద్ధకం, అవి ఉన్నాయన్న సంగతే మరచిపోతాం, గాలికి మైలేజీ తగ్గుతుంది, మలుపుల్లో బండి ఊగుతుంది. తప్పదనుకుంటే చాపలు, పరుపు వంటి తేలికైనవే అక్కడికి.

ఇక చెక్క అల్మారాలు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లైవుడ్ షీటు ఒక్కటే 30 కిలోలు దాటుతుంది. అలాంటివి మూడు కోయించి బిగిస్తే, ఒక మనిషికంటే ఎక్కువ బరువు ఖాళీ అల్మారాల రూపంలో మోస్తున్నట్టే. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సీట్లు పీకి మంచం బిగించాలంటే ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడగాలి. అందుకే తీసి పెట్టుకునే ఏర్పాటునే నేను ఇష్టపడతాను. మడత మంచం, దాని కింద క్రేట్లు. ప్రయాణం అయిపోగానే బండి మళ్లీ మామూలు బండి.

కూరగాయల క్రేట్లు చాలు

మార్కెట్లో టమాటాలు, బత్తాయిలు మోసే ప్లాస్టిక్ క్రేట్లు వ్యానుకు చక్కగా సరిపోతాయి. పక్కలకు గాలి ఆడుతుంది, లోపల ఏముందో బయటికి కనబడుతుంది, రెండు వైపులా పట్టుకోవడానికి వీలుంటుంది. కడగడం తేలిక. ఎత్తు అడుగు లోపు ఉన్నవే తీసుకోండి. అంతకంటే లోతైన డబ్బాలో అడుగున ఉన్నదాన్ని తీయాలంటే పైనున్నవన్నీ తవ్వాలి, మన కొలబద్ద అక్కడే ఓడిపోతుంది.

మంచం ఎత్తును క్రేటు ఎత్తును బట్టి నిర్ణయించండి, క్రేటు మీద రెండు వేళ్ల సందు ఉంటే చాలు. మంచం చేయించాక దానికి సరిపోయే డబ్బాల కోసం ఊరంతా తిరిగేవాళ్లున్నారు. కొన్ని క్రేట్లు వెనుక తలుపు నుంచి, కొన్ని పక్క తలుపు నుంచి లాగేలా పెట్టండి. ఒకదాని వెనుక ఇంకొకటి పెడితే వెనుకదాన్ని ప్రయాణం పూర్తయ్యేదాకా ఎవరూ ముట్టరు. అలాంటి చోటు తప్పకపోతే స్వెట్టర్ల వంటివి పెట్టుకోండి. క్రేట్లు జారకుండా కింద రబ్బరు చాప ముక్క వేసి, ముందు ఒక బెల్టు లాగండి.

ఒక్కో క్రేటుకు ఒక పని. వంట ఒకటి, తిండి ఒకటి, స్నానం ఒకటి, పనిముట్లు ఒకటి. మనిషికొకటి చొప్పున పంచుకోవద్దు. అలా పంచుకుంటే నాలుగు క్రేట్లలో నాలుగు పళ్ల పేస్టులు తేలతాయి.

ఒక క్రేటు మాత్రం ఖాళీగా బయలుదేరాలి. ఇది ఎంత చెప్పినా ఎవరూ వినరు. నల్లగొండ జిల్లాలో బత్తాయి తోటలు, కొల్లాపూర్‌లో మామిడి, దసరా రోజుల్లో బాలానగర్ దగ్గర హైవే పక్కన సీతాఫలాలు, గద్వాలలో చీర. కొనకుండా వచ్చేవాళ్లు ఉంటారా? ముందే చోటు ఉంచకపోతే ఆ బుట్ట పిల్లల కాళ్ల దగ్గరికి వస్తుంది. మాగిన సీతాఫలాలను ఒకే వరుసగా, మధ్యలో కాగితం పెట్టి పేర్చండి. రెండో వరుస వేస్తే ఇంటికి చేరేది గుజ్జు.

నీళ్లు

వ్యానులో అన్నిటికంటే బరువైనవి నీళ్లు. లీటరంటే కిలో. 20 లీటర్ల క్యాను ఒకటి ఎత్తడానికి ఇంట్లో ఒక్కరికే శక్తి ఉంటుంది, ఆ ఒక్కరు నిద్రపోతే మిగతావాళ్లకు దాహం. దాని బదులు కుళాయి ఉన్న 10 లీటర్ల క్యాన్లు రెండు తీసుకుని, కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి పెట్టండి. బరువు సమంగా ఉంటుంది, ఎవరైనా ఎత్తగలరు, ఒకటి అయిపోతే దాన్ని నింపుకోవాలని ముందే తెలుస్తుంది. కుళాయి తలుపు వైపు ఉండాలి, క్యాను కదపకుండానే గ్లాసు నింపుకోవాలి.

మన ప్రాంతంలో నీళ్ల గురించి ఇంకొక మాట చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎంత బాధ పెట్టిందో వేరే చెప్పనక్కరలేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు పెట్టుకుందంటే ఆ బాధ ఏ పాటిదో ఊహించవచ్చు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై తగ్గిన కొద్దీ గాఢత పెరుగుతుంది. కాబట్టి దారిలో కనబడిన బోరు దగ్గర తాగే క్యాను నింపకండి. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు గానీ, శుద్ధి చేసిన నీళ్లు గానీ పట్టుకోండి. బోరు నీళ్లు చేతులు కడగడానికి, గిన్నెలు తోమడానికి పనికొస్తాయి. వాటికి వేరే రంగు చిన్న క్యాను పెట్టి వెనుక తలుపు దగ్గరే ఉంచండి. తాగే నీళ్ల క్యాన్లూ బోరు నీళ్ల క్యానూ ఒకే రంగులో ఉంటే పిల్లలు తప్పకుండా పొరబడతారు.

వంట సామాను తగ్గాలంటే వంట తగ్గాలి

గిన్నెలు ఎలా సర్దాలని అడిగేవాళ్లు ముందు ఏం వండుతామో కాగితం మీద రాసుకోవాలి. జొన్న రొట్టెలు ఇంటి దగ్గరే చేసి బట్టలో చుట్టి తెచ్చుకుంటే మొదటి రోజు పొయ్యి అక్కరలేదు. పల్లీల పొడి, ఒక పచ్చడి, ఉల్లిపాయలు ఉంటే అదే భోజనం. అన్నం వండుకున్న రోజు పచ్చిపులుసు చేసుకోండి. చింతపండు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు, నీళ్లు. పోపు కావాలంటే చిన్న గరిటె చాలు. ఇలా లెక్క వేస్తే ఒక చిన్న కుక్కరు, ఒక టీ గిన్నె, ఒక బాండీ మిగులుతాయి. ఒకదానిలో ఒకటి ఇమిడేలా చూసుకుని, మధ్యలో పాత తుండుగుడ్డ పెడితే మోత ఉండదు. పళ్లేలు, గ్లాసులు మనిషికొకటే. ఎవరిది వాళ్లే కడుక్కుంటారు. అదనంగా తెచ్చిన ప్రతి పళ్లెం కడగకుండా ఒక పూట నిలవ ఉండే పళ్లెమే.

పప్పులూ పొడులూ గుండ్రటి సీసాల్లో కంటే చదరపు డబ్బాల్లో తక్కువ చోటులో ఇముడుతాయి. మూత మీద పేరు రాయండి. పక్కన రాస్తే పైనుంచి కనబడదు. ఉల్లిపాయలు, నిమ్మకాయలు, టమాటాలు ఒక చిక్కంలో వేసి పైనుంచి వేలాడదీయండి. గాలి తగులుతుంది, కుదుపులకు నలగవు.

గ్యాసుకు 5 కిలోల సిలిండరు సరిపోతుంది. నిలువుగా, కదలకుండా కట్టాలి. బండి కదిలే ముందు రెగ్యులేటరు ఆపు చేయాలి. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది, కారితే నేల మట్టంలో పేరుకుంటుంది. అందుకే సిలిండరు ఉన్న చోట గాలి బయటికి పోయే దారి అడుగున ఉండాలి. వంట మాత్రం వెనుక తలుపు ఎత్తి, దాని నీడలో, బయట చేసుకోండి. తలుపులు మూసి లోపల పొయ్యి వెలిగించడం, చలి రాత్రుల్లో బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని పడుకోవడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు.

రాత్రి పక్క వేసినప్పుడు సామాను ఎక్కడికి పోతుంది?

సర్దడంలో అసలు పరీక్ష ఇదే. పగలు చక్కగా కనబడిన వ్యాను, పక్క వేయాల్సిన వేళకు ముందు సీట్ల మీద కొండలా మారుతుంది. అర్ధరాత్రి ఏదైనా అవసరమై బండి తీయాల్సి వస్తే డ్రైవరు సీటు మీద మూడు సంచులు. బయలుదేరే ముందు ఇంటి దగ్గరే ఒకసారి చీకట్లో పక్క వేసి చూడండి. ఏ వస్తువును జరపాల్సి వచ్చిందో, దానికి శాశ్వతంగా వేరే చోటు చూడండి. పక్క వేయడానికి పరుపు విప్పడం తప్ప వేరే పని ఉండకూడదు.

బట్టలు మనిషికొక గుడ్డ సంచి చొప్పున. చక్రాల సూట్‌కేసు వ్యానులో శుద్ధ దండగ. సంచులు దిండు గలీబుల్లో దూర్చితే రాత్రి అవే దిండ్లు. గొంగడి తెచ్చుకుంటే రెండు దుప్పట్లు మానేయవచ్చు, డిసెంబరు చలికి అది చాలు. కానీ మడిచినా చాలా చోటు తింటుంది, ఎండాకాలం ఇంట్లోనే ఉండనివ్వండి.

తడి బట్టలకు ముందే ఒక దారి ఆలోచించండి. సోమశిలలోనో బీచుపల్లిలోనో కృష్ణలో మునక వేయకుండా మనవాళ్లు రారు. ఒక చిన్న బకెట్టు, మూత ఉన్నది, తడి బట్టలకే కేటాయించండి. బండి ఆగిన చోట వెనుక తలుపు నుంచి పక్క కొక్కేనికి తాడు కట్టి ఆరేయవచ్చు.

దుమ్ము, చెప్పులు, ఎండ

పాలమూరు చల్క నేలల ఎర్ర దుమ్ము పక్క తలుపు సందుల్లోంచి వచ్చి అన్నిటి మీదా పొరలా పడుతుంది. ఈ దారిలో గుళ్లు చాలా ఉన్నాయి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, ఉమామహేశ్వరం, అలంపూర్ జోగులాంబ, నవబ్రహ్మ ఆలయాలు. ప్రతి చోటా చెప్పులు విప్పాలి, తొడగాలి. లేసులున్న బూట్లు ఒక జత చాలు, కోట ఎక్కే రోజుకు. పక్క తలుపు మెట్టు దగ్గర ఒక లోతు తక్కువ ట్రే పెట్టి, చెప్పులు దాన్ని దాటి లోపలికి రావని ఇంట్లో అందరికీ చెప్పండి. ఒక చిన్న చీపురు తలుపుకే తగిలించాలి. వానాకాలమైతే ట్రేలో పాత గోనెసంచి వేయండి.

ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది. మూసిన బండి లోపల అంతకంటే ఎక్కువ. పవర్ బ్యాంకులు, లైటర్లు, స్ప్రే డబ్బాలు డాష్‌బోర్డు మీద వదలకండి. ఛార్జింగు వైర్లన్నీ ఒకే జిప్పు సంచిలో ఉండాలి, ఒక్కొక్కటీ రబ్బరు బ్యాండుతో చుట్టి.

మన్ననూర్ కంటే ముందే

మన్ననూర్ దాటాక వచ్చే అమ్రాబాద్ పులుల అభయారణ్యం దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు ఆపేస్తారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ లోపలికి తీసుకువెళ్లకూడదు. అడవిలో రోడ్డు పక్కన ఆగి సామాను విప్పడం, వంట చేయడం కుదిరే పని కాదు. కాబట్టి డిండి దగ్గర ఆగినప్పుడే ఒక చేతిసంచిలో ఆ పూట తిండి, నీళ్లు, టార్చి, మందులు వేసి ముందు సీటు దగ్గర పెట్టుకోండి. మిగతా బండి మూసే ఉండాలి.

ముఖ్యంగా కోతుల కోసం. ఉమామహేశ్వరం దగ్గర గానీ శ్రీశైలం దారిలో గానీ అరటిపండు సంచి కనబడితే తెరిచిన కిటికీ వాటికి ఆహ్వానం. తిండి క్రేటు మీద మందపాటి గుడ్డ కప్పండి, పైన వేలాడే చిక్కాన్ని దించి మంచం కిందికి తోయండి. జాలిపడి పండ్లు విసరకండి, తర్వాత వచ్చే బండికి అది శాపం.

చెత్తకు మూత ఉన్న డబ్బా ఒకటి, తలుపు బయటి నుంచి అందేలా. తడి చెత్త ఒక సంచి, పొడి చెత్త ఒక సంచి. ఊళ్లో చెత్తకుండీ కనబడిన ప్రతిసారీ ఖాళీ చేయండి, రాత్రికి ఉంచుకోవద్దు. రాత్రి బండి ఆపుకోవడానికి పర్యాటక శాఖ హరిత హోటలు ఆవరణో, సత్రమో, లారీలు ఆగే పెట్రోలు బంకో అడిగి చూసుకుంటే మరుగుదొడ్డి సామాను మొత్తం మోసే పని తప్పుతుంది.

ఇంటికి రాగానే

వెనుక తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి, ఏ క్రేటులో ఏముందో రాయండి. ప్రయాణంలో వాడిన వస్తువు పక్కన గీత పెట్టండి. దిగాక గీత లేనివాటిని, జాకీ, మందుల పెట్టె వంటివి తప్ప, బండి నుంచి తీసేయండి. వాటి కోసం ఎవరు వాదించినా సరే, గీత లేదు కదా అని కాగితం చూపించండి. ఇంట్లో గొడవ తగ్గడానికి కూడా ఆ కాగితం బాగా పనికొస్తుంది.

తిండి క్రేటును వంటింట్లో ఖాళీ చేయాలి, బట్టల సంచులు నేరుగా ఉతకడానికి వెళ్లాలి, నీళ్ల క్యాన్లు కడిగి మూత తీసి బోర్లించాలి. వంట, పనిముట్ల క్రేట్లను మాత్రం సర్దినట్టే ఇంట్లో ఒక గూట్లో ఉంచితే తర్వాతి ప్రయాణానికి పావుగంటలో బయలుదేరవచ్చు. సీతాఫలాల రసం కారిన క్రేటును మర్నాటికి వాయిదా వేయకండి. తెల్లారేసరికి చీమలు వ్యాను చాపల కిందికి చేరితే వాటిని వెళ్లగొట్టడానికి వారం పడుతుంది.